రోజుకి ఎంత తొక్కాలి

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె మోకాళ్ళకి పట్టించుకుని కూర్చున్నాను. బావ అన్నం తిన్న చేయి కడుక్కుని అలాగే నిద్రలోకి జారిపోయాడు.

ఇవాళ బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తొక్కి మళ్ళీ వెనక్కి వచ్చాం. రానూపోనూ యాభై కిలోమీటర్లు. నాన్న వారానికి రెండుసార్లు వెనక క్యారేజీకి అప్పడాల బుట్ట కట్టుకుని వెళ్ళొచ్చిన దారే. సరుకు మిగిలితే సోంపేట దాకా పోయి, రాత్రికి అక్కడ ఒక కొట్టు అరుగు మీద పడుకుని మర్నాడు వచ్చేవాడు. తిరుపతికి సైకిళ్ళ మీద పోవడానికి నెల రోజులుగా నేను కాగితం మీద కూడికలూ భాగహారాలూ చేస్తున్నాను. ఆ కాగితం చెప్పని సంగతులు ఈ ఒక్క పూటలో తెలిశాయి. మర్చిపోకముందే రాసుకోవాలి.

ముందు ముడుపు సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గోపాల్‌పూర్ మా ఇంటికి పదిహేను కిలోమీటర్లకి అటూ ఇటూ. కప్పు మీద రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే నాన్న మమ్మల్నందరినీ దేవుడి గదిలోకి తోసి, పసుపు నీళ్ళలో ముంచిన గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టాడు. "తెల్లారేసరికి నా పిల్లలంతా ఉంటే సైకిలు మీద నీ కొండకొస్తాను తండ్రీ" అన్నాడు. ఆ గాలి హోరులో కూడా ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది. తెల్లారింది, అందరం ఉన్నాం. మూడేళ్ళకి నాన్న పోయాడు, ముడుపు గూట్లోనే ఉండిపోయింది. మొన్న దసరాకి దీపం పెడుతూ అమ్మ "నేనుండగా అది కొండకి చేరాలిరా" అంది.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద మా ఊరి నుంచి తిరుపతికి వెయ్యి కిలోమీటర్లకి కాస్త పైన. మేనల్లుడు ఒక్క మాటలో తేల్చేశాడు. "రోజుకి వంద మావయ్యా, పది రోజుల్లో అలిపిరిలో ఉంటాం." లెక్కలో తప్పు లేదు. వాడికి ఇరవై రెండేళ్ళు, గేర్ల సైకిలు. వాళ్ళ నాన్నకి, అంటే మా బావకి, యాభై ఎనిమిది. మెట్లెక్కితే ఎడమ మోకాలు పట్టేస్తుంది. నాకు నలభై తొమ్మిది, నేను తొక్కేది నాన్న నల్ల సైకిలు. మొక్కు ఆయనది కాబట్టి బండి కూడా ఆయనదే ఉండాలని నా పట్టుదల.

వట్టి సైకిళ్ళు తొక్కితే ఏమీ తెలియదని సంచుల్లో బియ్యం పోసి, ఒక్కో సైకిలుకి పది కిలోల బరువు కట్టాను. మంచు విడిచేదాకా ఆగి ఆరున్నరకి బయల్దేరాం. ఈ నెలల్లో తెల్లవారుజామున ఆ రోడ్డు మీద పదడుగుల అవతల లారీ కనబడదు. యాత్రలో కూడా సూర్యుడు రాకముందు చక్రం తిరగకూడదన్నది నేను పెట్టిన మొదటి నియమం. ఎవరు తొందరపెట్టినా దీన్ని మార్చను.

పోయేటప్పుడు హాయిగా పోయాం. గొళంతర, గిరిసోల దాటి, ఒడియా బోర్డులు పోయి తెలుగు బోర్డులు వచ్చి, ఇచ్ఛాపురం చేరేసరికి గంటా యాభై నిమిషాలు. మేనల్లుడు ఫోన్లో చూసి "గంటకి పదమూడున్నర, వందకి ఏడున్నర గంటలే" అన్నాడు. నేనూ నమ్మేశాను. ఇడ్లీ తిని, స్వేచ్ఛావతి అమ్మవారికి దండం పెట్టుకుని వెనక్కి తిరిగాక అర్థమైంది, ఇందాకటి దాకా మమ్మల్ని నెట్టుకొచ్చింది గాలి అని. ఈశాన్యం గాలి ఇప్పుడు ఎదురొచ్చింది. అవే పాతిక కిలోమీటర్లకి రెండు గంటల ముప్పావు పట్టింది. గంటకి తొమ్మిది!

దీన్నిబట్టి ఒకటి ఖాయం చేసుకున్నాను. సంక్రాంతి వెళ్ళగానే కదలాలి. అప్పుడు గాలి ఉత్తరం నుంచీ ఈశాన్యం నుంచీ వీస్తుంది, మన తీరం నైరుతికి వాలి ఉంటుంది కాబట్టి చాలా దారి గాలి వెనకే ఉంటుంది. శివరాత్రి దాటితే దక్షిణపు గాలి తిరుగుతుంది, ఎండ కూడా ముదురుతుంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు, కనుక ఆ తర్వాత వచ్చే సోమవారం అనుకున్నాం.

ఇచ్ఛాపురంలో ఇంకో లెక్క కూడా దొరికింది. జగన్‌మోహన్‌రెడ్డి పాదయాత్ర ముగిసిన ఊరు అది, గుర్తుగా స్తూపం ఉంది. 2017 నవంబరు 6న ఇడుపులపాయలో మొదలై 2019 జనవరి 9న ఇక్కడ ఆగింది. 341 రోజులు, 3,648 కిలోమీటర్లు. నీడన కూర్చుని భాగించి చూశాను, రోజుకి పదకొండు కూడా రావడం లేదు. పైగా మొదటి తేదీ నుంచి చివరి తేదీకి క్యాలెండరులో 430 రోజులున్నాయి, అంటే నడవని రోజులు 89. నడవగలిగినవాడు రోజుకి పాతిక నడుస్తాడు. కానీ దారిలో పని ఉన్నవాడి లెక్క వేరు, ఆయన పని దారిలో మనుషుల్ని కలవడం. మాకు దారిలో పని గుళ్ళు. అరసవల్లి, సింహాచలం, అన్నవరం, బెజవాడ కనకదుర్గ, శ్రీకాళహస్తి. వీటిని దాటుకుంటూ రోజుకి వంద తొక్కి పోతే కొండ చేరతాం గానీ, ఎలా చేరామో అమ్మకి చెప్పడానికి ఏమీ ఉండదు.

తిరుగు దారిలో ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర బావ మొదటిసారి దిగాడు. "నొప్పేటి లేదురా, ఊరికే" అన్నాడు. నలభై దగ్గర మళ్ళీ దిగాడు. చివరి పది కిలోమీటర్లూ ఒక్క మాట లేదు. బావ మాటల మనిషి. ఆయన మౌనంగా తొక్కుతుంటే పక్కన తొక్కడం నావల్ల కాలేదు. మేనల్లుడు రెండుసార్లు ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మూడోసారి వాళ్ళ నాన్న పక్కనే ఉండిపోయాడు. తర్వాత వంద మాట ఎత్తలేదు.

నాన్న అనేవాడు, సైకిలు దిగేటప్పటికి ఇంకో పది కిలోమీటర్ల సత్తువ మిగలాలి, మర్నాటికి అదే పెట్టుబడి అని. అప్పడాలు అమ్మేవాడి మాట కదా అని అప్పట్లో పట్టించుకోలేదు. ఇవాళ ఆయన సైకిలు మీద కూర్చుని ఆ మాట ఎంత నిజమో తెలుసుకున్నాను.

మధ్యాహ్నం కాగితం మళ్ళీ రాశాను. వంద అన్న అంకె ఎక్కడా లేదు. దర్శనం ఉన్న రోజున సగం దూరమే. భోగాపురంలో రాత్రి ఆగితే సింహాచలం నలభై చిల్లర, మధ్యాహ్నానికి చేరి, స్నానం చేసి, నింపాదిగా అప్పన్నని చూడొచ్చు. మర్నాడు తుని దాకా తొంభై. అది పెద్ద రోజే, కానీ దాని తర్వాత వచ్చేది శనివారం. బావ శనివారం ఒంటిపూట. ఖాళీ కడుపుతో ఆయన చేత ఎనభై తొక్కించడం పాపం. అందుకే శనివారం తుని నుంచి అన్నవరం, ఇరవై కూడా ఉండదు. మెట్లు ఎక్కలేకపోతే దేవస్థానం బస్సు ఉంది. వ్రతం చేయించుకుని, ప్రసాదం తిని, సత్రంలో పడుకోవడమే. ఈ శనివారం కుదిరినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అక్కడి నుంచి రాజమండ్రి, గోదావరి స్నానం. ఏలూరు. బెజవాడలో ఒక రోజు పూర్తి విశ్రాంతి, బట్టలు ఉతుక్కోవాలి, సైకిళ్ళకి బ్రేకు రబ్బర్లు మార్పించాలి. తర్వాత చిలకలూరిపేట, ఒంగోలు. రెండో శనివారం ఒంగోలు నుంచి సింగరాయకొండ, ముప్పై. కొండ మీద వరాహ నరసింహస్వామి ఉన్నాడు. మర్నాడు నెల్లూరు చేరాలంటే తొంభై పైన పడుతోంది. అది నాకింకా నచ్చలేదు. కావలిలో ఆపితే ఒక రోజు పెరుగుతుంది. పెన్సిలుతో రాసి వదిలేశాను. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి. అలిపిరి దగ్గర సైకిళ్ళు పెట్టి 3,550 మెట్లూ నడక. బావ ఎక్కగలిగినన్ని ఎక్కుతాడు, మిగతాది బస్సు. ముడుపు నా చేతిలో ఉంటుంది. తిరుగు ప్రయాణం రైల్లో.

మేనల్లుడికి ఒక పని అప్పజెప్పాను. రోజూ చివరి పదిహేను కిలోమీటర్లు వాడు ముందు వెళ్ళి, గది చూసి, నీళ్ళు ఉన్నాయో లేదో కనుక్కుని మాకు ఫోన్ చేయాలి. వాడి కాళ్ళలో బలం వృథా పోదు. "సరే మావయ్యా" అన్నాడు, మొహంలో వెలుగుతో.

సాయంత్రం సైకిలు షాపుకి వెళ్తే, ఒడియా మేస్త్రీ నాన్న సైకిలు సీటు రెండంగుళాలు పైకి లేపాడు. నా మోకాళ్ళ నొప్పికి సగం కారణం అదేనట. నాన్న నాకన్నా పొట్టి, ఆ సీటుని ఇన్నేళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు. పాత గుర్తు దగ్గర రంగు పోయి మెరుస్తోంది. "ధీరే ధీరే జిబ, భాయినా" (మెల్లగా వెళ్ళు, అన్నా) అన్నాడు డబ్బులు తీసుకోకుండా.

ఇందాక అక్క ఫోన్ చేసింది. "మొదటిరోజు ఎంతరా?" అంది. కాశీబుగ్గ దాకా ఎనభై అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "ఇవాళ యాభైకే ఎలా వచ్చారో చూశాను కదా" అని పెట్టేసింది.

అక్క చెప్పింది నిజమే. శనివారాలు సర్దాను, దర్శనాలు సర్దాను, అన్నిటికన్నా ముందున్న రోజుని మాత్రం మేనల్లుడి లెక్కలోనే వదిలేశాను. కాగితం మళ్ళీ తీశాను. కాశీబుగ్గ కొట్టేసి సోంపేట రాశాను, యాభై. మర్నాడు టెక్కలి, ఆ మర్నాడు శ్రీకాకుళం చేరి సాయంత్రం అరసవల్లి. ఒక రోజు పెరిగింది, అన్నవరం శనివారం తప్పిపోకుండా సోమవారం కొట్టేసి ఆదివారం అని రాశాను. సోంపేటలో నాన్న పడుకున్న ఆ కొట్టు ఇప్పుడు కొట్టాయన కొడుకు చూస్తున్నాడు. అరుగు అలాగే ఉందట. రేపు పొద్దున్నే ఫోన్ చేసి, ముగ్గురికి చోటుంటుందా అని అడగాలి.