బీఈడీ ఎక్కడ చేసినా ఒకటేనా?

మా చెల్లెలి కూతురు ఈ ఏడాది బీఎస్సీ పూర్తి చేసింది. ఎంపీసీ. టీచర్ని అవుతానని చిన్నప్పటి నుంచీ అంటోంది. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసింది, ర్యాంకు బాగానే వచ్చింది. ఇప్పుడు ఇంట్లో మాటలన్నీ ఏ కాలేజీ అన్నదాని మీదే. మా మరిది ఊరికి దగ్గర్లోనే ఒకటి చూసి పెట్టాడు. అక్కడికి రోజూ వెళ్లక్కర్లేదట, పరీక్షలప్పుడు వెళ్తే చాలట, ఆ టైమంతా టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ కోచింగ్‌కి వాడుకోవచ్చట. "పెద్దమ్మా, ఎక్కడ చేస్తే ఏముంది? పోస్టు ఇచ్చేవాళ్లు కాలేజీ పేరు చూస్తారా?" అని ఫోన్లో అడిగింది.

పోస్టు ఇచ్చేవాళ్లు చూడరు, నిజమే. టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో, డీఎస్సీలో మార్కులు వస్తే చాలు. కానీ నేను నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బీఈడీ చదివేవాళ్లు ఇంటర్న్‌షిప్ కోసం మా బడికి వస్తుంటారు. వాళ్లు ఏ కాలేజీ నుంచి వచ్చారో తెలుసుకోవడానికి నాకు ఒక్క పీరియడ్ చాలు.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఏడో తరగతిలో పూర్ణసంఖ్యల గుణకారం చెబుతున్నాడు. రెండో బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి "సార్, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తది?" అని అడిగింది. "అది రూల్ అమ్మా, గుర్తుపెట్టుకో" అన్నాడు. ఆ పిల్ల కూర్చుంది కానీ ముఖంలో అనుమానం పోలేదు. వెనక బెంచీలో వాళ్ల కాలేజీ మేడం అబ్జర్వేషన్ రాసుకుంటూ ఉన్నారు. క్లాసులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. బెల్లు కొట్టాక అతన్ని స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, తెల్లకాగితం మీద వరుసగా రాయించారు. 3ని మైనస్ 2తో గుణిస్తే మైనస్ 6. 2ని గుణిస్తే మైనస్ 4. ఒకటిని గుణిస్తే మైనస్ 2. సున్నాని గుణిస్తే సున్నా. "ఒక్కో మెట్టుకీ జవాబు ఎంత పెరుగుతోంది?" అని అడిగారు. "రెండు మేడం." "మరి సున్నా తర్వాత మెట్టు మైనస్ 1 కదా. అక్కడ జవాబు ఎంత కావాలి?" అతను కాసేపు కాగితం వంకే చూసి "ప్లస్ 2" అన్నాడు. మర్నాడు బోర్డు మీద అదే వరుస రాసి, చివరి జవాబు ఆ పిల్లతోనే చెప్పించాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. లెక్కలు చెప్పడం నేర్చుకోవడమంటే నా దృష్టిలో అది. పుస్తకం చదివితే రాదు, కోచింగ్ సెంటర్లో దొరకదు. మనం చెబుతుంటే తెలిసినవాళ్లు వెనక కూర్చుని చూడాలి, తర్వాత కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఇంకో రకం కాలేజీల నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి లెసన్ ప్లాన్ రికార్డులు అందంగా ఉంటాయి, అట్టలు వేసి, రంగు పెన్నులతో గీతలు గీసి. కానీ వాళ్ల వెనక బెంచీలో ఎవరూ కూర్చోరు. హెడ్మాస్టర్ సంతకం దొరికితే వెళ్లిపోదామని చూస్తారు. వాళ్లని నేను తప్పుపట్టను. వాళ్లకి రావలసింది ఇవ్వకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టినవాళ్ల మీదే నాకు కోపం.

2015 నుంచి బీఈడీ రెండేళ్లు అయింది. అలా పెంచినప్పుడు టీచర్ చదువులకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ నిబంధనల్లో బడిలో గడపాల్సిన కాలమే 20 వారాలు పెట్టారు, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. క్లాసులకి 80 శాతం హాజరు ఉండాలి, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం. అంటే "రోజూ రానక్కర్లేదు" అని చెప్పే కాలేజీ మనకి సౌకర్యం ఏమీ చేయడం లేదు. మనం నేర్చుకోవాల్సిన కాలాన్నే తీసేసుకుంటోంది. మా మరిదికి ఇదే చెప్పాను. పిల్ల కష్టపడకూడదని ఆయన ఆరాటం, అర్థం చేసుకోగలను. కానీ రేపు నలభై మంది పిల్లల ముందు ఒంటరిగా నిలబడేది ఈ పిల్లే కదా.

కాలేజీ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఏ వయసు పిల్లలకి చెప్పాలనుకుంటున్నాం? మా అమ్మాయి స్నేహితురాలికి ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలంటే ప్రాణం. ఆమె కూడా బీఈడీకే సిద్ధమైంది. 2018లో ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్లని కూడా ప్రైమరీకి అనుమతించింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఎస్జీటీ, అంటే ప్రైమరీ టీచర్ కావాలంటే దారి డీఈఎల్‌ఈడీ అనే డిప్లొమా. డిగ్రీ అయ్యాక మళ్లీ డిప్లొమా ఏంటని ఆమెకి చిన్నతనంగా ఉంది. అక్షరాలు దిద్దించే పని చిన్నదని ఎవరు చెప్పారో గానీ, అంతకంటే కష్టమైన పని మా బడుల్లో లేదు.

ఇంటర్‌లో ఉండగానే టీచింగ్ అని గట్టిగా అనుకున్నవాళ్లకి నాలుగేళ్ల ఐటీఈపీ ఉంది. డిగ్రీ, బీఈడీ కలిపి చేయొచ్చు, ఒక ఏడాది కలిసొస్తుంది. వరంగల్ ఎన్ఐటీలో కూడా పెట్టారు, ప్రవేశానికి ఎన్‌సీఈటీ అనే పరీక్ష రాయాలి. మా అమ్మాయికి ఆ వేళ దాటిపోయింది. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో బీఈడీ గురించి కూడా మాట్లాడుకున్నాం. అక్కడ క్యాంపస్‌లోనే బడి ఉంది, చదివే చోటే పిల్లలూ ఉంటారు. నాకు చాలా ఇష్టం ఆ ఏర్పాటు. కానీ దానికి ప్రవేశ పరీక్ష వేరు, పైగా అంత దూరం పంపనని మా చెల్లి ఒక్కటే పట్టు.

ఇక మిగిలింది ఎడ్‌సెట్ కౌన్సెలింగే. వెబ్ ఆప్షన్లలో మొదట హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ప్రభుత్వ బీఈడీ కాలేజీ ఐఏఎస్ఈ, తర్వాత ఉస్మానియా క్యాంపస్ ఎడ్యుకేషన్ కాలేజీ పెట్టమన్నాను. ఆ తర్వాత ఏవి పెట్టాలో నేను చెప్పను, తనే వెళ్లి చూసి రాసుకోవాలి. చూడాల్సింది బిల్డింగ్ కాదు. మ్యాథ్స్ మెథడ్, అంటే లెక్కలు ఎలా బోధించాలో చెప్పే లెక్చరర్ ఎవరు, రోజూ వస్తున్నారా? రెండు యూనిట్లు, అంటే వంద సీట్లు ఉన్న కాలేజీకి 16 మంది అధ్యాపకులు ఉండాలని నిబంధన. కాగితం మీద కాకుండా గదుల్లో ఎంతమంది కనిపిస్తున్నారు? ఇంటర్న్‌షిప్‌కి ఏ బడులకి పంపుతున్నారు?

అన్నిటికంటే ముఖ్యంగా, ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లని కాకుండా రెండో ఏడాది చదువుతున్నవాళ్లని పక్కకి పిలిచి ఒక్కటి అడగమన్నాను: "మీరు బడిలో పాఠం చెబుతుంటే మీ లెక్చరర్ ఎన్నిసార్లు వచ్చి కూర్చున్నారు, క్లాసు అయ్యాక మీతో ఏం మాట్లాడారు?" దానికి వెంటనే జవాబు చెప్పగలిగిన పిల్లలున్న కాలేజీ కాస్త దూరమైనా పైన పెట్టు, బస్ పాస్ నేను తీస్తానని చెప్పాను. శనివారం ఇద్దరం కలిసి బయల్దేరుతున్నాం.