బొటనవేలి తాళం

శనివారం, రాత్రి పదిన్నర.

ఇవాళ తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 72 దెబ్బల మీద పెట్టి, గిటార్ మీద నేర్చుకుంటున్న రాకబిల్లీ (1950ల నాటి తొలి రాక్ అండ్ రోల్) పాట పన్నెండు బార్లూ ఆగకుండా వాయించాను. బారు అంటే నాలుగు దెబ్బల ముక్క. మొదలుపెట్టిన కొత్తలో 50 దగ్గర కూడా మూడో బారుకే చెయ్యి ఆగిపోయేది. అసలు పాటలు దీనికి రెట్టింపు పైన పరుగెడతాయని తెలుసు. తెలిసే 72 దగ్గర కూర్చున్నాను. తొమ్మిది నెలలు పట్టింది ఇక్కడికి రావడానికి.

పొద్దున ఎవరూ లేవకముందే దోసెల పిండి ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టి, డైనింగ్ టేబుల్ దగ్గర గిటార్ పట్టుకున్నాను. ఎలక్ట్రిక్ గిటార్‌ని యాంప్ (శబ్దం పెంచే పెట్టె) లేకుండా వాయిస్తే పక్క గదికి కూడా వినపడదు. ఆ పొడి చప్పుడులోనే నా తప్పులు నాకు బాగా వినిపిస్తాయి. ఎకో పెడల్ ఒకటి కొన్నాను కానీ వారానికి ఒక్కసారే వాడుతున్నాను. రాకబిల్లీలో మనకు వినిపించే ఆ వెంటనే వచ్చే ప్రతిధ్వనిని ఇక్కడి సన్ స్టూడియో పెట్టిన శామ్ ఫిలిప్స్ టేప్ మెషీన్లతో పుట్టించాడు. టేపు మీద శబ్దం ఎక్కేచోటుకీ, దాన్ని మళ్లీ వినిపించేచోటుకీ మధ్య కాస్త దూరం ఉంటుంది. టేపు ఆ దూరం దాటడానికి పట్టే కొద్దిపాటి సమయమే ఆ ఎకో. ఎంత అందంగా ఉంటుందో! కానీ నేర్చుకునేవాళ్లకి అది తప్పుని కూడా రెండుసార్లు వినిపిస్తుంది, లేదా కప్పేస్తుంది. రెండూ నాకు ఇప్పుడు అక్కర్లేదు.

మేము అమెరికాలో మెంఫిస్ వచ్చి పదకొండేళ్లయింది. ఇండియా నుంచి చుట్టాలొస్తే యూనియన్ అవెన్యూలో 706 నంబరుకి, అంటే సన్ స్టూడియోకి, తీసుకెళ్లడం మాకు ఆనవాయితీ. మొదటి మూడుసార్లూ ఫొటోలు తీసుకుని వచ్చేశాను. నాలుగోసారి గైడ్ పాత రికార్డు వినిపిస్తుంటే అందులో డ్రమ్స్ లేవని గమనించాను. 1954 జులై 5 రాత్రి ఆ చిన్న గదిలో వాయించింది ముగ్గురే. పందొమ్మిదేళ్ల ఎల్విస్ ప్రెస్లీ పాడుతూ మామూలు గిటార్, బిల్ బ్లాక్ నిలువెత్తు బేస్, స్కాటీ మూర్ ఎలక్ట్రిక్ గిటార్. మరి నా కాలు ఎందుకు ఆడుతోంది? ఆ దరువు ఎక్కడిది? కొంత బిల్ బ్లాక్ తీగల్ని లాగి వదిలితే చెక్కకి తగిలే చప్పుడు. మిగతాది గిటార్లలోంచి వస్తోంది.

స్కాటీ మూర్‌కి అప్పుడు 22 ఏళ్లు. పగలు అన్నల డ్రై క్లీనింగ్ షాపులో టోపీలకి ఆకారం సరిచేసేవాడు. ఆ మాట చదివిన రోజు ఆయన మీద నాకు ఎంతో దగ్గరితనం కలిగింది. బొటనవేలికి పిక్ (తీగలు మీటే గోరులాంటి ముక్క) తొడుక్కుని, దాంతో లావు తీగల మీద దరువు నడుపుతూ, మిగతా వేళ్లతో సన్న తీగల మీద పాట పలికించడం ఆయన పద్ధతి. కెంటకీ బొగ్గు గనుల వైపు పుట్టిన మెర్ల్ ట్రావిస్ పేరు మీద దాన్ని ట్రావిస్ పికింగ్ అంటారు.

చెప్పడానికి ఇంతే. E అనే కార్డ్‌లో (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) బొటనవేలు అన్నిటికన్నా లావైన ఆరో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఆరు, నాలుగు. అరచేతి అంచు బ్రిడ్జి (తీగలు ఆనే మెట్టు) మీద ఆనించి ఉంచితే ఆ తీగలు ధమ్ ధమ్‌మని పొట్టిగా మోగుతాయి. బాగానే ఉంటుంది. రెండు దెబ్బల మధ్య సందులో చూపుడువేలు ఒక స్వరం మీటగానే మాత్రం బొటనవేలు దాని వెనకాలే వెళ్లిపోతుంది. మొదట చేరిన మాస్టారు నెలకో పాట పూర్తవ్వాలనేవారు. మూడు నెలల్లో మూడు పాటలు వచ్చినట్టే అనిపించింది కానీ ఒక్కదాంట్లోనూ దరువు నిలబడలేదు. మానేసి, రెండు నెలలు ఒట్టి బొటనవేలే వాయించాను. ఇప్పటికీ అది సరైన నిర్ణయమనే అనుకుంటున్నాను.

తొమ్మిదింటికి పిన్ని వీడియో కాల్ చేసింది. విజయనగరంలో అప్పటికి రాత్రి ఏడున్నర. పిన్ని అక్కడి సంగీత కళాశాలలోనే వీణ నేర్చుకుంది. చిన్నప్పుడు సెలవులకి వెళితే సాయంత్రం వరండాలో బొబ్బిలి వీణ ముందేసుకుని కూర్చునేది. వీణకి పాట కోసం నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు. చూపుడువేలూ మధ్యవేలూ కీర్తన నడుపుతుంటే చిటికెనవేలు తాళం తీగల్ని మీటుతూ ఉండేది. వాయిస్తూనే "ఆ మేడ మీద వడియాలు తీశారా?" అని మమ్మల్ని అడిగేది. చిటికెనవేలు తన పని తాను చేసుకుపోయేది. నేను ఇన్నాళ్లూ పుస్తకాల్లో, వీడియోల్లో వెతుకుతున్నది ఆ వరండాలో చూసిందే. అక్కడ చిటికెనవేలిది, ఇక్కడ బొటనవేలిది.

పిన్నికి వాయించి చూపించాను. కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ విన్నది.

"నీ పాట ఆరు ఆవర్తనాలకి మొదటికొచ్చిందే" అంది.

లెక్క కట్టి చూశాను. బారుకి నాలుగు దెబ్బలు, పన్నెండు బార్లకి నలభై ఎనిమిది. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, సరిగ్గా ఆరు ఆవర్తనాలు! నాకు ఒళ్లు పులకరించింది.

తర్వాత, "వేలి వైపు చూడకు తల్లీ, చూస్తే అది నీకోసం ఆగుతుంది. వాయిస్తూ నాతో మాట్లాడు. ఇవాళ కూరేంటి?" అంది.

"బెండకాయ" అన్నాను. బొటనవేలు ఆ మాటతో పాటే పడింది, రెండో దెబ్బ ఎగిరిపోయింది. మళ్లీ అడిగింది, మళ్లీ పోయింది. మాట లయ వేరు, దరువు లయ వేరు. నా చెయ్యి ఇంకా మాట వెంటే పోతోందన్నమాట. పావుగంట పిన్ని ఓపిగ్గా నన్ను అదీ ఇదీ అడుగుతూనే ఉంది. ఊళ్లో కరెంటు గురించి నాలుగు మాటలు మాట్లాడేసరికి మాత్రం వేలు నిలబడింది.

మధ్యాహ్నం సరుకులు, బట్టలు, అమ్మాయి స్విమ్మింగ్ క్లాసు. గిటార్ ముట్టలేదు.

సాయంత్రం మళ్లీ కూర్చున్నాను. కష్టమంతా తొమ్మిదో బారులో, B7 కార్డ్ దగ్గర ఉంది. అక్కడ మధ్యవేలు ఐదో తీగ నుంచి ఆరో తీగకి జరగాలి, మళ్లీ వెనక్కి రావాలి, మిగతా వేళ్లు కదలకూడదు. ఆ ఒక్క బారునే నలభైసార్లు వాయించాను. తర్వాత మొత్తం మొదటి నుంచి. 66, 69, 72.

72లో రెండోసారి వాయిస్తుండగా అమ్మాయి మెట్ల మీంచి అరిచింది, "అమ్మా, నా ఛార్జర్ ఎక్కడ?"

"సోఫాలో, నీలం కుషన్ కింద చూడు" అన్నాను. అప్పుడు నేను A కార్డ్‌లో ఉన్నాను. బొటనవేలు ఐదో తీగ మీద పడింది, నాలుగో తీగ మీద పడింది, మళ్లీ ఐదు, మళ్లీ నాలుగు.

రేపు పొద్దున పిన్నికి ఫోన్ చెయ్యాలి.