మా పాప పాలు మరిచేదాకా: నా అనుభవం

మా పాప చిన్ని, తల్లిపాలకి పెట్టుకున్న పేరు ‘అంపా’. అమ్మ పాలు అనే మాట తన నోట్లో అట్లా పలికింది. ఏడాదిన్నరప్పుడు మొదటిసారి అన్నది, ఆ తర్వాత ఇంట్లో అందరికీ అదే మాట అయిపోయింది, మా మామయ్య కూడా ఫోన్ చేస్తే ‘అంపా తాగిందా పాప’ అనే అడిగేవారు. ఈ అంపా మాన్పించడానికి నాకు పోయినేడు ఏప్రిల్ నుంచి బతుకమ్మ పండుగ దాకా పట్టింది, మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. ఇప్పుడు మా ఆఫీసులో ఇద్దరు చంటిపిల్లల తల్లులు ఎట్లా మాన్పించావక్కా అని అడుగుతున్నారు. లంచ్ టైంలో సగం సగం చెప్పేకంటే జరిగింది జరిగినట్టు ఒక్కచోట రాద్దామనిపించింది.

మేం ఉండేది కాజీపేటలో, నా ఆఫీసు హన్మకొండలో, అకౌంట్స్ చూస్తాను. 26 వారాల సెలవు అయిపోయాక మళ్లీ ఉద్యోగంలో చేరాను, పగలంతా పాపని అత్తమ్మ చూసుకునేది. రెండేళ్లు వచ్చేసరికి పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం నేను చెప్పులు విడిచేలోపే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, రాత్రి రెండు మూడుసార్లు, ఇక ఆదివారమైతే లెక్కే లేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని మిగతా ఆకలంతా నా కోసం దాచిపెట్టుకునేది. ఆరింటికి గేటు చప్పుడైతే చాలు, ఆడుకుంటున్న గిన్నె గరిటె అక్కడే పడేసి అంపా అంటూ ఉరికొచ్చేది. ఆ ఉరుకు చూస్తే ఎంత అలసట ఉన్నా పోయేది, నిజం. కానీ రాత్రి నిద్ర లేక పొద్దున కళ్లు తిరిగేవి, పాప కూడా సరిగ్గా తినక సన్నగా ఉండేది. మాన్పించాలని ఎంత ఉందో వద్దని కూడా నాకు అంతే ఉండేది. మార్చి 31 క్లోజింగ్ అయిపోనీ, తర్వాత చూద్దాం అని నేనే జరుపుకుంటూ వచ్చాను.

ఏప్రిల్‌లో రెండేళ్లు నిండాయి. పెళ్లిళ్లకి పోతే ‘ఇంత పోరి ఇంకా పాలు తాగుతదా’ అనడం మొదలైంది. అత్తమ్మ మాత్రం నా మీద జాలితోనే అన్నది. “ఇంకెన్నాళ్లు ఇస్తవు బిడ్డా, గుంజుకపోయినవ్. జర వేపాకు నూరి రాయి, రెండ్రోజుల్ల మరుస్తది. మీ ఆయనకు గట్లనే మరిపించిన.” ఇంటి వెనక వేపచెట్టే ఉంది. ఒక శనివారం సాయంత్రం ఆకు నూరి రాసుకున్నాను. పాప వచ్చి నోరు పెట్టింది, మొహం అంతా ముడుచుకుపోయింది, నా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దిగి వంటింట్లోకి పోయి, నాయినమ్మ స్టవ్ తుడిచే తడిబట్ట తెచ్చి, నా రొమ్ము తుడవడం మొదలుపెట్టింది. “అంపా ఛీ అయింది. కడుగుతా అమ్మా” అంటూ, నేను తన ముక్కు తుడిచేటప్పుడు ఎట్లా గడ్డం పట్టుకుంటానో అట్లా ఇంకో చేత్తో నన్ను పట్టుకుని. నాకు దుఃఖం ఆగలేదు. నాకేదో అయిందనుకుని బాగుచేస్తున్న పిల్లని నేను మోసం చేస్తున్నాను. లేచి శుభ్రంగా కడుక్కుని వచ్చి పాలిచ్చాను. అత్తమ్మ కూడా ఇంకేమీ అనలేదు, పాప తలమీద చెయ్యి పెట్టి కూర్చుంది.

వేపాకుతో మరిచిన పిల్లలు లేరని కాదు, మా తరంలో సగం మంది అట్లా మరిచినవాళ్లమే. మా పాపతో మాత్రం ఇంకోసారి నాకు చేతకాలేదు.

రెండోది నేను చేసిన పెద్ద పొరపాటు. మే నెలలో పాపని పరకాలలో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను, మూడు రోజులు కనపడకపోతే అదే మరుస్తుందని అందరూ చెప్పారు. మొదటి రాత్రి బాగానే పడుకుందట. ఇక్కడ నాకు మొదలైంది. రాత్రి పదింటికే రెండు పక్కలా రాయిలా గట్టిపడ్డాయి, చెయ్యి పైకెత్తలేను, పక్కకి తిరగలేను, జాకెట్టు తగిలినా ప్రాణం పోయినట్టుండేది. తెల్లారేసరికి ఎడమవైపు ఎర్రగా కంది, చలిజ్వరం పట్టుకుంది. ఎవరో గట్టిగా గుడ్డ కట్టుకోమన్నారు, కట్టుకున్నాక నొప్పి ఇంకా ఎక్కువైంది. డాక్టరమ్మ చూసి పాలు లోపల నిలిచిపోయి వాపు వచ్చిందని చెప్పి మందులు రాసింది. ఉన్నట్టుండి ఆపొద్దు, బిగించి కట్టొద్దు, పాపకి ఇవ్వొచ్చు, ఇస్తేనే తగ్గుతుంది అన్నది. మా ఆయన ఆ మధ్యాహ్నమే పరకాల పోయి తీసుకొచ్చాడు. చిన్ని నన్ను చూసి ఉరికి రాలేదు. అమ్మమ్మ కొనిచ్చిన బొమ్మ పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఒక్క నిమిషం నన్నే చూసింది. పాలు మాన్పించే పని మొత్తంలో నేను తిరిగి తలుచుకోవడానికి ఇష్టపడనిది ఆ ఒక్క నిమిషం.

ఆ తర్వాతి వారమే పాపకి విరేచనాలు. బయట ఎండ మండిపోతోంది, అన్నం తినదు, జావ పెడితే కక్కేస్తుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి చెంచాతో పట్టించడం, జింక్ మాత్ర పద్నాలుగు రోజులు, ఇంకా అంపా. మూడు రోజులు పాప నిలిచింది వీటి మీదే. పిల్లకి ఒంట్లో బాగాలేనప్పుడు, ఎండలు ముదిరినప్పుడు మాన్పించే ఆలోచనే పెట్టుకోవద్దని నాకు అప్పుడు అర్థమైంది. జూన్, జూలై ఆ ఊసే ఎత్తలేదు.

ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి కదా, మా గల్లీ చివరి అంగన్‌వాడీలో మీటింగ్ పెట్టారు. పాపకి నెలనెలా బాలామృతం (చిన్నపిల్లలకి ఇచ్చే బలం పిండి) ప్యాకెట్, 16 గుడ్లు తెచ్చుకునేది అక్కడినుంచే కాబట్టి టీచర్ నన్ను కూడా పిలిచింది. అక్కడ చెప్పేది మామూలుగా కొత్త తల్లుల కోసం, పుట్టిన గంటలోపు పాలు పట్టాలి, ఆరు నెలల దాకా నీళ్లు కూడా అక్కర్లేదు అని. అన్నీ అయ్యాక నేను సిగ్గుపడుతూనే నర్సు సిస్టర్‌ని పక్కకి పిలిచి అడిగాను, మరి ఆపడం ఎట్లా అని. ఆమె నవ్వి “ముందైతే తప్పు చేస్తున్ననని అనుకోకమ్మా. రెండేళ్లు, ఆపైన కూడా ఇయ్యొచ్చు. నీకు, పాపకు వీలైనప్పుడే ఆపు. కానీ ఒక్కసారే కాదు, ఒక్కో పూట తీసెయ్” అన్నది.

నాకు పనికొచ్చిన మాట అదే, ఒక్కో పూట. పాలు తాగేకొద్దీ ఊరతాయి, తాగడం తగ్గితే ఊరడం కూడా తగ్గుతుంది, కానీ ఒంటికి ఆ సంగతి తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి ఒక పూట ఆపాక వారం రోజులైనా ఆగి ఇంకో పూట ముట్టుకోమన్నది. బరువుగా అనిపిస్తే నొప్పి తగ్గేంత మట్టుకే చేత్తో పిండి పారబోయాలి, మొత్తం ఖాళీ చేస్తే మళ్లీ అంతే వస్తాయి. చల్లని బట్ట వేసుకుంటే హాయిగా ఉంటుంది. ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి. అంపా బదులు బర్రెపాలు సీసాల కొద్దీ పోయొద్దని కూడా చెప్పింది, రోజుకి అరలీటరు దాటితే పిల్ల అన్నం ముట్టదు, రక్తం తగ్గుతుంది.

మొదట ఆదివారం మధ్యాహ్నాలు తీసేశాను, అది తేలిగ్గానే అయింది. ఆ టైంకి నేను కూర్చోకుండా ఏదో పనిలో ఉండేదాన్ని, పాప అడిగితే కాదనలేదు, అడక్కపోతే ఇవ్వలేదు. అత్తమ్మ బాలామృతంలో నెయ్యి వేసి చిన్న ముద్దలు చేసి స్టీలు డబ్బాలో పెట్టేది, డబ్బా మూత పాపే తియ్యాలి, పాపే పెట్టాలి, మనం తీస్తే మళ్లీ మూసి మొదటినుంచి.

సాయంత్రం పూటకి చాలా ఆలోచించాం. గేటు తియ్యగానే ఉరికొచ్చే పిల్లని ఎట్లా ఆపుతాం? చివరికి మా ఆయనే దారి చెప్పాడు. నేను లోపలికి రాకముందే పాపని ఎత్తుకుని గేటు బయట నిలబడేవాడు, ముగ్గురం అటునుంచి అటే రైళ్లు చూడటానికి పోయేవాళ్లం. కాజీపేటలో రైళ్లకి కొదవ లేదు, సికింద్రాబాద్ నుంచి, బల్లార్షా నుంచి, విజయవాడ నుంచి అన్ని దారులూ ఇక్కడే కలుస్తాయి. గూడ్స్ బండి వస్తే చిన్నికి పండుగ. ముందున్న ఇంజన్ అమ్మ, వెనక బొగ్గు డబ్బాలన్నీ పాపలు, అన్నిటికన్నా చివర గార్డు డబ్బా నాయిన. నాయిన ఎందుకు వెనక అంటే “పాపలు పడిపోతే పడతడు” అని చెప్పింది. ఎవరూ నేర్పలేదు ఆ మాట. మా ఆయన ఆ రోజు ఇంటికొచ్చేదాకా పాపని కిందికి దింపలేదు. ఒకసారి చాలాసేపు ఆలోచించి “ఇంజన్ అంపా ఇస్తదా?” అని అడిగింది. పాపలు పెద్దగయినయి, ఇప్పుడు అన్నం తింటయి అన్నాను. బండి మొత్తం పోయేదాకా డబ్బాల్ని చూసి “పెద్దగనే ఉన్నయి” అన్నది. ఇంటికి పోయేసరికి ఆకలేసి పప్పన్నం గిన్నెడు తినేది. పది రోజుల్లో సాయంత్రం పూట పోయింది.

రాత్రికి నేను చేసిందల్లా ముందే చెప్పడం. రెండేళ్ల పిల్లకి ఏం తెలుస్తుందిలే అనుకుంటాం, చాలా తెలుస్తుంది. పగలు, తను హుషారుగా ఉన్నప్పుడు, రోజూ చెప్పేదాన్ని: రాత్రి చందమామ వచ్చినాక అంపా బజ్జుంటుంది, తెల్లారినాక లేస్తుంది అని. మొదటి రాత్రి రెండింటికి లేచి అడిగింది. బజ్జుంది కదా అన్నాను. గట్టిగా ఏడ్చింది, నలభై నిమిషాలు. మా ఆయన భుజాన వేసుకుని వాకిట్లో తిరిగాడు, అత్తమ్మ లేచి వచ్చి అరుగు మీద కూర్చుంది, నేను తన వీపు మీద చెయ్యి తియ్యకుండా వాళ్ల వెనకే తిరిగాను. ఏడవనివ్వకూడదని కాదు, ఒంటరిగా ఏడవనివ్వకూడదు అని నా నమ్మకం. రెండో రాత్రి ఇరవై నిమిషాలు. నాలుగో రాత్రి లేచి, నేను నిద్రపోతున్నాననుకుని, నా గుండెల దగ్గరికి మొహం తెచ్చి చాలా మెల్లగా “అంపా, లేసినవా?” అని అడిగింది. కదలకుండా పడుకున్నాను. ఇంకాసేపు చూసి, జవాబు రాకపోతే చేత్తో రెండుసార్లు జోకొట్టి, “జోజో” అని అటు తిరిగి పడుకుంది. నేను తెల్లారేదాకా నిద్రపోలేదు. ఎన్ని రాత్రులు నేను తనకి జోకొట్టానో, ఆ చెయ్యి అచ్చం నాలాగే పడింది.

పడుకునే ముందు పూట రెండు వారాల తర్వాత తీశాను, దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మిగిలింది పొద్దుటి పూట. దాన్ని ముట్టుకోవాలని నాకే లేదు. ఇంకో నెల ఉండనీ అనుకున్నాను.

ఎంగిలిపూల బతుకమ్మ, అంటే పండుగ మొదటి రోజు. ముందు రోజు సాయంత్రం మా ఆయన వడ్డేపల్లి చెరువు వైపు పోయి గునుగు, తంగేడు సంచి నిండా తెచ్చాడు, అత్తమ్మ పొద్దున్నే ముందు గదిలో చాప మీద పోసింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను, రోజూలాగే లేచి నా ఒళ్లోకి వస్తుందని. చిన్ని లేచింది, కళ్లు నులుముకుంది, తలుపు సందులోంచి ఆ పసుపుపచ్చ కుప్ప కనిపించింది. మంచం దిగి నేరుగా పూల దగ్గరికి పోయింది. గునుగు పువ్వు బుగ్గకి రాసుకుంటూ, నాయినమ్మ తుంచి పెట్టిన కాడలన్నీ ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేస్తూ కూర్చుంది. తొమ్మిదైంది. అడగలేదు. నేను పిలవలేదు. వంటింట్లోకి పోయి మలీద ముద్దలకి రొట్టెలు చేస్తూ ఏడ్చాను, అత్తమ్మ చూసి తన కొంగుతోనే నా కళ్లు తుడిచింది. “నాకు గట్లనే అయిందే అప్పుడు” అన్నది. ముప్పై ఏళ్లలో ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదట.

తర్వాత ఒకటి రెండు పొద్దులు అడిగింది, ఇచ్చాను. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి అది కూడా లేదు.

ఇప్పుడు పాపకి నిద్ర రావాలంటే నా కుడి చెవి కావాలి. ఎడమది ఇస్తే చెయ్యి తోసేస్తుంది. చెవి తమ్మెని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా రుద్దుతూ రుద్దుతూ పడుకుంటుంది, వేళ్లు ఆగాయంటే నిద్రపోయినట్టు. కమ్మ గుచ్చుకుంటోందని రాత్రి పూట తీసి అద్దం దగ్గర చిన్న డబ్బాలో పెడుతున్నాను. నేను మరిచిపోతే తనే వెళ్లి ఆ చిన్న డబ్బా తెచ్చి నా ముందు పెడుతుంది.