పదకొండో గడిలో మనిషి

మన కథలు మనమే చెప్పుకోవాలని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఉపన్యాసాలిచ్చింది నేనే. ఇక్కడ బ్రిటన్‌లో టీవీలో మనవాళ్లు కార్నర్ షాపు గల్లాపెట్టె వెనక తప్ప కనిపించరని అన్నం తింటూ విసుక్కునేదీ నేనే. మా అమ్మాయి మ్యూజిక్ వీడియో కోసం వేసుకున్న స్టోరీబోర్డు (తీయబోయే షాట్లని ముందే గడుల్లో బొమ్మలుగా గీసుకోవడం) చూసి "ఇది తీయడానికి వీల్లేదు" అన్నదీ నేనే అయ్యేసరికి, ఆ ఉపన్యాసాలన్నీ వరసగా గుర్తు చేసింది. జ్ఞాపకశక్తి వాళ్ల నానమ్మది.

మన ఇంటర్ లాంటి ఎ-లెవెల్స్‌లో తను మీడియా స్టడీస్ తీసుకుంది. (చుట్టాలకి ఇంకా "కంప్యూటర్స్ లాంటిదే" అని చెబుతున్నాం.) అందులో 70 శాతం మార్కులు రాతపరీక్షలకి, 30 శాతం సొంతంగా చేసే ప్రాజెక్టుకి. తను ఎంచుకున్నది మ్యూజిక్ వీడియో. పాట స్నేహితురాలు గిటార్ మీద కట్టింది, 3 నిమిషాల 20 సెకన్లు.

పాట అంటే పల్లవికో చీర, చరణానికో దేశం మారిపోయే రోజుల్లో పెరిగినవాణ్ణి. "రెండో చరణంలో డ్రెస్సు మార్చరా?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించింది. నిమిషానికి 96 బీట్లు, నాలుగు బీట్లకో బార్, అంటే బార్‌కి రెండున్నర సెకన్లు. పాట మొత్తం 80 బార్లు. రెండేసి బార్లకో షాట్ అనుకుంటే 40 గడులు. బొమ్మలు ఆ తర్వాతే. ఇన్నాళ్లూ కళ అని నేను భయపడింది లెక్కలతో మొదలవుతుందని తెలిసి ప్రాణం కాస్త కుదుటపడింది. ఏమో, దీంతో ఉద్యోగం కూడా రావచ్చు.

గడులన్నీ పసుపు స్టిక్కీ నోట్స్ మీద గీసి మెట్ల పక్క గోడకి అంటించింది. అలాగైతే వరస ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చట. ఒక్కో బొమ్మ కింద షాట్ నంబరు, కెమెరా ఎంత దగ్గర, కదులుతుందా లేదా, ఎన్ని సెకన్లు, పాటలో ఏ ముక్క. మనుషులు మాత్రం అగ్గిపుల్లలు. మన బాపు గారు షూటింగుకి ముందే షాట్లన్నీ బొమ్మలుగా వేసుకునేవారని గొప్పగా చెప్పాను. ఫోన్లో ఆయన బొమ్మలు చాలాసేపు చూసి, "ఒక్క గీతతో వీపు ఎలా వంచేశాడో చూడు నాన్నా" అంది. మర్నాటికి తన అగ్గిపుల్లలకి వీపులు వచ్చాయి. నేర్చుకున్న ఆ వంపుని పదకొండో గడిలో నామీదే ప్రయోగించింది.

పదకొండో గడిలో ఇంటి ముందు ఆగిన కారు. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి, మొహం మీద ఫోన్ వెలుగు. పన్నెండులో ఇంట్లో హాలు లైటు వెలుగుతుంది. పదమూడులో పై కిటికీలో ఒక అమ్మాయి. ఇరవయ్యారులో మళ్లీ అదే కారు, ఆ మనిషి ఇంకా దిగలేదు.

"ఇదెవరు?"

"నువ్వే. రోజూ ఆఫీసు నుంచి వచ్చి కార్లో కూర్చుంటావు కదా."

అది ఎవరూ చూడట్లేదనుకున్నాను. అక్కడ నేను చేసే ఘనకార్యమూ ఏం లేదు. సగం పాట వింటాను, ఆఫీసు మెసేజీలు చూస్తాను, ఒక్కోసారి ఊరికే కూర్చుంటాను. మా అమ్మతో మాట్లాడుతున్నానని బుకాయిద్దామంటే చలికాలంలో మాకు సాయంత్రం ఆరైతే తెనాలిలో రాత్రి పదకొండున్నర. ఆ సాకు చెల్లదు.

"ఇది చూసేవాళ్లకి ఏం అర్థమవుతుంది? సంక్రాంతికి అమ్మ డ్రైవ్‌వేలో ముగ్గేసింది కదా, అది పెట్టు. ఎంత బాగుంటుంది!"

"ఎవరికి చూపించడానికి? ముగ్గు ఏడాదికి ఒక్కసారి నాన్నా. కారు రోజూ."

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేనెందుకవుతాను? మర్నాడు లంచ్ టైములో స్టోరీబోర్డుల గురించి చదివాను. ఇద్దరు ఎదురెదురుగా చూసుకుంటుంటే ఒకరు ఫ్రేములో కుడివైపు, ఇంకొకరు ఎడమవైపు చూడాలట. ఇంటికొచ్చి, ఆ రోజు కార్లో కూర్చోకుండా నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, "నీ బొమ్మల్లో ఇద్దరూ ఎడమవైపే చూస్తున్నారు, తప్పు" అన్నాను. "ఒకళ్లనొకళ్లు చూసుకోవట్లేదు కాబట్టే అలా గీశాను" అంది. ఆ సమాధానం నా లంచ్‌టైమ్ చదువులో లేదు.

తర్వాత గడులన్నీ ఫోటోలు తీసి, పాట కింద టైము ప్రకారం పేర్చి ఆడించింది. దాన్ని యానిమాటిక్ అంటారు. గోడ మీద బాగున్న వరస పాటతో కలిస్తే ఎక్కడ సాగిపోతోందో అందులోనే బయటపడుతుంది. నిజంగానే రెండో చరణంలో కొన్ని గడులు ఎగిరిపోయాయి. కారు గడి పోలేదు సరికదా, నాలుగు బార్లకి పెరిగింది. "పది సెకన్లు మరీ ఎక్కువ" అన్నాను. "నిజంగా అయితే ఇరవై నిమిషాలు" అంది.

మా ఆవిడకి ఈ గొడవలో న్యాయం చెప్పమంటే, "మీరు కూర్చుంటారని నాకెప్పుడో తెలుసు. ఇంతకీ ఇందులో నన్నెక్కడ గీశావే?" అని దాన్నే అడిగింది. పన్నెండో గడిలో లైటు వేసేది తనేనట. ఆ మాత్రం పాత్రకే సంతోషపడిపోయి, షూటింగుకి నల్ల దుప్పటి పట్టుకుంటానని ఒప్పుకుంది. కారు అద్దంలో వీధిలైట్లు, ఎదురిళ్లు మెరవకుండా కెమెరా వెనక నల్లగుడ్డ పట్టాలి. స్కూలుకి ఇచ్చే రిస్క్ అసెస్‌మెంట్ కాగితంలో ఇంజిన్ ఆపి ఉంటుందని, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటుందని రాసింది. నా సలహాలని మాత్రం ప్రమాదాల్లో చేర్చలేదు.

తోటి తల్లిదండ్రులకి ఒక సలహా ఇద్దామని ఇది మొదలుపెట్టాను. పిల్లల ప్లాను కాగితం మీద ఉండగానే చూడండి, అప్పుడైతే మార్చడం ఖర్చులేని పని అని. మాట నిజమే. కానీ కాగితం మీదే చూడాలని నేను ఆత్రపడింది ఖర్చు గురించి కాదు, పదకొండో గడి పీకేయడానికి అప్పుడైతే ఇంకా వీలుంటుందని. పిల్లలకి స్వేచ్ఛ ఇవ్వాలని ఉగాది ఫంక్షన్‌లో మైకు పట్టుకుని చెప్పినవాణ్ణే. ఆ స్వేచ్ఛతో వాళ్లు మన వీపు గీస్తే ఏం చెయ్యాలో ఆ రోజు ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. దాని కథలో నేనున్నాను కాబట్టి కాస్త వాటా నాకూ ఉందా, లేక బతికినంత మాత్రాన హక్కు రాదా? ఇప్పటికీ తేలలేదు.

వీడియో పూర్తయ్యాక మా అమ్మకి పంపాలా వద్దా అన్నది ఇంకో తగువు. మనవరాలు తీసిందంటే వాడకట్టంతా చూపిస్తుంది. ఆ తర్వాత ఫోన్ చేసి, "ఒరే, అంతసేపు కార్లో ఏం చేస్తావురా, ఇంట్లో ఏమన్నా గొడవా?" అంటుంది. అది సినిమా అమ్మా అని చెప్పాలి. మా అమ్మాయి ముందు ఆ మాట అనగలనా?

శనివారం షూటింగ్. డిసెంబరులో ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది, కాబట్టి మూడున్నరకల్లా కార్లో ఉండాలి. ఏ షర్టు వేసుకోమంటావని అడిగాను. ఏదైనా పర్లేదు గానీ ఇస్త్రీ చెయ్యొద్దంది.