పాత పేటెంట్ల మధ్య మా రెండు థర్మోకపుల్స్: నా అనుభవం

గాలిలోంచి ఆక్సిజన్ తీసే పీఎస్‌ఏ (ప్రెషర్ స్వింగ్ అడ్సార్ప్షన్, అంటే ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ వాయువుల్ని వేరుచేసే పద్ధతి) ప్లాంట్ల మీద ప్రాసెస్ ఇంజినీర్‌గా పనిచేస్తాను. ఈమధ్య ఒక చిన్న మార్పుకు పేటెంట్ వచ్చింది. నిజంగా చిన్నదే, కొత్త మెషీన్ కాదు, కొత్త పదార్థం కాదు, ఒక వాల్వ్‌ని ఎంతసేపు తెరిచి ఉంచాలి అనేదాని గురించి. గ్యాస్ సెపరేషన్‌లో ఉన్న చాలామంది "మనం చేసేదాంట్లో ఆవిష్కరణ ఏముంది, టైమర్లు మార్చడమేగా" అని వదిలేస్తుంటారు కాబట్టి, ఆ టైమర్ మార్పు పేటెంట్ దాకా ఎలా వెళ్లిందో రాస్తున్నాను.

ముందు ప్లాంట్ సంగతి. జియోలైట్ (సన్నటి రంధ్రాలుండే ఖనిజం) గుళికలు నింపిన ట్యాంకులోకి (మేం బెడ్ అంటాం) ఒత్తిడితో గాలి పంపితే నత్రజని ఆ గుళికలకు పట్టుకుంటుంది, ఆక్సిజన్ పైనుంచి బయటికొస్తుంది. ఒత్తిడి తీసేస్తే నత్రజని వదిలేస్తుంది. రెండు బెడ్లు వంతులవారీగా ఈ పని చేస్తుంటాయి. నత్రజని అణువుకు క్వాడ్రపోల్ మొమెంట్ (అణువులో విద్యుదావేశం పంచుకున్న తీరుకి ఒక కొలత) ఆక్సిజన్ కంటే ఎక్కువ, అందుకే జియోలైట్‌లోని అయాన్లు, ముఖ్యంగా లిథియం అయాన్లు, దాన్నే గట్టిగా లాగుతాయి. గాలిలో కాస్త ఉండే ఆర్గాన్ మాత్రం ఇక్కడ దాదాపు ఆక్సిజన్ లాగే ప్రవర్తిస్తుంది, అందుకే మామూలు పీఎస్‌ఏ ప్లాంట్ నుంచి 95 శాతం దగ్గర ఆగిపోతాం, కస్టమర్ ఎంత అడిగినా సరే.

ఈ కథలో విలన్ నీటి ఆవిరి. జియోలైట్ నీటిని పట్టుకుందంటే అంత సులభంగా వదలదు, నీరు పట్టిన చోట నత్రజనికి చోటుండదు. అందుకని బెడ్ అడుగున అల్యూమినా పొర వేస్తాం, నీరు అక్కడే ఆగాలి. ప్రతి సైకిల్‌లో తయారైన ఆక్సిజన్‌లో కొంత తిరిగి పైనుంచి కిందికి పంపి బెడ్‌ని కడుగుతాం, దాన్ని పర్జ్ అంటాం. పర్జ్ తక్కువైతే నీరు మెల్లగా పైకి పాకుతుంది. ఎక్కువైతే అమ్ముకోవాల్సిన ఆక్సిజన్ గాలిలో కలిసిపోతుంది. ఎక్కడైనా జరిగేది ఒకటే, భయపడి కాస్త ఎక్కువ పర్జ్ పెట్టి టైమర్ ఫిక్స్ చేసేయడం. గాలిలో తేమ ఎక్కువున్న రోజుకీ పొడి రోజుకీ అదే టైమర్.

అసలు విషయం కనిపెట్టింది మా ఆపరేటర్. నైట్ షిఫ్ట్‌లో ట్రెండ్ స్క్రీన్ చూపించి "సార్, అల్యూమినా పైన ఉన్న థర్మోకపుల్ చూడండి, పోయిన నెల ఎంత ఊగేది, ఇప్పుడు ఎంత ఊగుతోంది" అన్నాడు. థర్మోకపుల్ అంటే ఉష్ణోగ్రత కొలిచే సాధనం. నత్రజని ఎక్కినప్పుడు బెడ్ వేడెక్కుతుంది, దిగినప్పుడు చల్లబడుతుంది, కాబట్టి ప్రతి సైకిల్‌లో ఉష్ణోగ్రత గీత పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. అల్యూమినాకి కాస్త పైన ఆ ఊపు సగానికి పడిపోయింది. బెడ్ మధ్యలో ఉన్న థర్మోకపుల్ మాత్రం ఎప్పటిలాగే ఊగుతోంది. అంటే కింద జియోలైట్‌కి తేమ తగిలింది, అక్కడ నత్రజని ఎక్కడం దిగడం తగ్గిపోయింది. ప్రోడక్ట్ ప్యూరిటీలో అప్పటికింకా ఏ తేడా లేదు. ప్యూరిటీ పడిపోయాక తెలిసే సంగతి చాలా ముందే తెలిసిపోతోందన్నమాట. కిందిదాని ఊపుని మధ్యదాని ఊపుతో భాగించి, ఆ నిష్పత్తి తగ్గితే పర్జ్ పెంచడం, కోలుకుంటే తగ్గించడం, ఇదీ ఐడియా. నిష్పత్తి తీసుకోవడం నా ఆలోచన, ఎందుకో తర్వాత చెప్తాను.

మేనేజ్‌మెంట్ వాళ్లు పేటెంట్ ఏజెంట్ దగ్గరికి పంపారు. ఆయన మొదట అడిగింది "ఇది బయట ఎక్కడైనా చెప్పారా?" అని. అప్పటికి ఒక సెమినార్‌లో మాట్లాడమని పిలుపు ఉంది, దాన్ని ఫైలింగ్ అయ్యేదాకా ఆపించాడు. చాలా దేశాల్లో మన ఐడియాని మనమే ముందుగా బయటపెట్టినా కొత్తదనం పోయినట్టే లెక్క. కొన్నిచోట్ల గ్రేస్ పీరియడ్ అని కొంత వెసులుబాటు ఉంది కానీ దాన్ని నమ్ముకోవద్దన్నాడు. తేదీల విలువ తెలియాలంటే 1895 చూస్తే చాలు, గాలిని ద్రవంగా మార్చే పద్ధతికి విలియం హాంప్సన్ బ్రిటన్‌లో మే నెలలో దరఖాస్తు పెడితే, జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే జూన్‌లో పెట్టాడు. వారాల తేడా.

తర్వాత ప్రయర్ ఆర్ట్ వెతకడం, అంటే మనకంటే ముందే లోకానికి తెలిసినదంతా తవ్వడం. నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టిందీ, నచ్చిందీ ఇదే. పేటెంట్లకు అంతర్జాతీయ వర్గీకరణ ఉంటుంది. ప్రెషర్ స్వింగ్ పద్ధతులన్నీ బీ01డీ 53/047 కింద, మెంబ్రేన్‌తో (పలచటి పొరతో) వేరుచేసేవి 53/22 కింద, అమీన్ లాంటి ద్రావణాలతో కడిగేవి 53/14 కింద ఉంటాయి. పదాలతో వెతికితే సగం దొరకవు, ఒక్కొక్కరు ఒక్కో పేరు పెడతారు, పర్జ్‌ని ఒకడు రిన్స్ అంటాడు ఇంకొకడు స్వీప్ అంటాడు. వర్గం పట్టుకుని వెళ్తే పోగులు పోగులుగా బయటపడతాయి.

అన్నిటికీ మొదట్లో చార్లెస్ స్కార్‌స్ట్రామ్ ఉంటాడు. ఎస్సో పరిశోధన సంస్థలో పనిచేసేవాడు, 1960లో వచ్చింది ఆయన పేటెంట్. రెండు బెడ్లు, హీటర్ లేకుండా గాలిని ఆరబెట్టడం. అందులో రెండు మాటలు ఇప్పటికీ మా పనికి ప్రాణం. సైకిల్ చిన్నగా ఉంటే అధిశోషణంలో (వాయువు గుళికలకు పట్టుకోవడంలో) పుట్టిన వేడి బెడ్‌లోనే నిలిచి, తర్వాత వదిలించడానికి అదే పనికొస్తుంది. రెండోది, పర్జ్ ఘనపరిమాణం, ఏ ఒత్తిడిలో ఉన్నదాన్ని ఆ ఒత్తిడిలోనే కొలిస్తే, లోపలికి పంపిన గాలి ఘనపరిమాణానికి తగ్గకూడదు. చదువుతుంటే నవ్వొచ్చింది, మేం కుస్తీ పడుతున్న విషయాన్ని ఆయన అప్పుడే రాసిపెట్టాడు. ఇంచుమించు అదే కాలంలో ఫ్రాన్స్‌లో ఎయిర్ లిక్విడ్ తరఫున మాంట్‌గారెయ్, డొమీన్ అనే ఇద్దరు వాక్యూమ్ వాడి ఇదే దారిలో వెళ్లారు. 1966లో బెర్లిన్ అనే ఆయన (ఊరు కాదు, మనిషి) ఒక బెడ్‌లో మిగిలిన ఒత్తిడిని రెండో బెడ్‌కి ఇచ్చే ఈక్వలైజేషన్ స్టెప్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అదే ట్యాంకులు, అదే వాల్వులు, వాటిని తెరిచే వరుస మాత్రమే కొత్త, అయినా పేటెంట్ వచ్చింది. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది.

టెన్షన్ పెట్టింది మాత్రం 1977లో వచ్చిన కాలిన్స్ పేటెంట్, యూనియన్ కార్బైడ్‌ది. ఆక్సిజన్ పీఎస్‌ఏ బెడ్లలో గాలి లోపలికొచ్చే వైపు ఒక ప్రాంతం లోపలికొచ్చే గాలి కంటే బాగా చల్లగా అయిపోతుందని, దానివల్ల పనితీరు దెబ్బతింటుందని ఆయన చూపించాడు. లోపల లోహపు కడ్డీలు పెట్టి వేడిని సర్దడం ఆయన మందు. మా కింది థర్మోకపుల్ ఉన్నది సరిగ్గా ఆ చోటే! రాత్రంతా చదివాను. ఆయనది చల్లదనాన్ని పోగొట్టే సంగతి, తేమని పసిగట్టడం గురించి లేదు, పర్జ్‌ని సర్దడం గురించీ లేదు. ఏజెంట్ దాన్ని దాచకుండా మా దరఖాస్తులోనే ముందుగా ప్రస్తావించాడు, మనకు తెలిసినదాన్ని మనమే చెప్పి తేడా చూపిస్తే మంచిదని.

మధ్యలో "ఇంత సింపుల్ దానికి ఇస్తారా" అనే అనుమానం మళ్లీ పట్టుకుంది. అప్పుడు గుర్తుచేసుకున్నది మెంబ్రేన్ల వాళ్లని. పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్ బోలు దారాలతో హైడ్రోజన్ వేరుచేయాలంటే పైపొర ఒక్క చిల్లు లేకుండా ఉండాలి, అది అప్పట్లో చాలా కష్టం. మొన్సాంటోలో హెనిస్, ట్రిపోడి ఏం చేశారంటే దానిమీద పలచగా సిలికోన్ పూశారు. సిలికోన్‌కి సొంతంగా వేరుచేసే శక్తి పెద్దగా లేదు, చిల్లుల్ని పూడ్చింది అంతే, అసలు పని పాలీసల్ఫోనే చేసింది. 1980లో పేటెంట్ వచ్చింది, ప్రిజమ్ పేరుతో అమోనియా ప్లాంట్లు బయటికి వదిలే గ్యాస్‌లోంచి హైడ్రోజన్ తీయడానికి పెద్ద ఎత్తున వాడారు. చూశాక ఎవరికైనా సింపులే అనిపిస్తుంది.

క్లెయిమ్‌లు, అంటే మన హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలు, రాయడం వేరే లోకం. నేను మా ప్లాంట్‌ని ఉన్నదున్నట్టు రాసుకెళ్లాను. ఏజెంట్ ఒక్కో మాట దగ్గరా ఆపి ప్రశ్న. బెడ్లు రెండే ఎందుకు ఉండాలి? జియోలైటే ఎందుకు, తేమకి పాడయ్యే ఏ అధిశోషకమైనా కాదా? థర్మోకపులే ఎందుకు, ఉష్ణోగ్రత కొలిచే ఏదైనా చాలదా? ఉల్లిపాయ పొరల్లా ఒక్కొక్కటీ ఒలుస్తూ పోతే చివరికి మిగిలినదే మొదటి క్లెయిమ్. ఒలిచిన పొరలన్నీ దాని మీద ఆధారపడే క్లెయిమ్‌లుగా కిందికి చేరాయి, రేపు మొదటిది నిలబడకపోతే వెనక్కి తగ్గడానికి మెట్లు అవి.

ఆవిష్కర్తల పేర్ల దగ్గర చిన్న గొడవ. పై అధికారి ఒకరు తన పేరు కూడా పెట్టమన్నారు, బడ్జెట్ ఇచ్చింది తానే కదా అని. ఏజెంట్ మర్యాదగానే చెప్పాడు, "సార్, ఐడియా పుట్టడంలో పాలు ఉన్నవాళ్లే ఆవిష్కర్తలు, డబ్బు పెట్టినవాళ్లూ పర్యవేక్షించినవాళ్లూ కారు, పేర్లు తప్పుగా పెడితే కొన్ని దేశాల్లో పేటెంటే ప్రమాదంలో పడుతుంది" అని. ఆపరేటర్ పేరూ నా పేరూ ఉన్నాయి. హక్కులు మాత్రం ఉద్యోగ ఒప్పందం ప్రకారం కంపెనీవే.

ఫైల్ చేశాక నిశ్శబ్దం. మొదటి దరఖాస్తు తేదీ నుంచి 12 నెలల్లోపు మిగతా దేశాలకు వెళ్లాలో వద్దో తేల్చుకోవాలి. పీసీటీ (ఒకే దరఖాస్తుతో పలు దేశాలకు వెళ్లే అంతర్జాతీయ ఒప్పందం) దారిలో వెళ్తే 18 నెలలకి దరఖాస్తు లోకానికి కనబడుతుంది, ఒక్కో దేశంలోకి అడుగుపెట్టడానికి మామూలుగా 30 నెలల దాకా గడువు దొరుకుతుంది. సెర్చ్ రిపోర్ట్‌లో దొరికిన పాత పత్రాల పక్కన అక్షరాలుంటాయి. ఎక్స్ అంటే ఆ ఒక్కటే మనల్ని పడగొట్టగలదు, వై అంటే ఇంకోదానితో కలిపితే పడగొడుతుంది, ఏ అంటే కేవలం నేపథ్యం. కాలిన్స్‌కి ఏ పడింది, ఊపిరి పీల్చుకున్నాను. కానీ రెండు వైలు వచ్చాయి. ఒకటి బెడ్‌లో ఉష్ణోగ్రత చూసి పాడైతే అలారం ఇచ్చేది, ఇంకోటి ప్యూరిటీని బట్టి పర్జ్ మార్చేది. ఈ రెండూ తెలిసిన ఇంజినీర్‌కి మీది తట్టడంలో వింతేముంది అన్నాడు పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్. నిజం చెప్పాలంటే ప్రశ్న న్యాయమైనదే.

మమ్మల్ని కాపాడింది నిష్పత్తి. ఒక్క థర్మోకపుల్ ఊపే చూస్తే, వాతావరణం చల్లబడినా మారుతుంది, లోడ్ తగ్గించినా మారుతుంది, ఒత్తిడి కాస్త తగ్గినా మారుతుంది. తేమ పాకిందా లేక రాత్రి అయిందా అనేది దానికి తెలియదు. రెండిటి నిష్పత్తి తీస్తే ఇవన్నీ దాదాపు కొట్టుకుపోతాయి, తేమ ప్రభావమే మిగులుతుంది. లోడ్ మార్చి తీసిన గ్రాఫులు ఫైలింగ్ రోజునే దరఖాస్తులో ఉన్నాయి, ఏజెంట్ పట్టుబట్టి పెట్టించాడు. ఫైల్ అయ్యాక కొత్త విషయం కలపనివ్వరు, కాబట్టి అవి ఆరోజు లేకపోతే మా వాదనకి ఆధారం చాలా పలచబడేది. అలారం ఇచ్చే భాగాన్ని మొదటి క్లెయిమ్ నుంచి తీసేశాం, నిష్పత్తిని బట్టి పర్జ్ సమయాన్ని మార్చడం ఒక్కటే ఉంచాం. ఎగ్జామినర్ మాటల విషయంలో ఇంకోసారి సవరణ అడిగి, తర్వాత ఒప్పుకున్నాడు.

గ్రాంట్ చేతికొచ్చాక ఆపరేటర్ అడిగాడు, "సార్, ఎవడైనా మూడు థర్మోకపుల్స్ పెట్టి ఇదే పని చేస్తే మనది తప్పించుకున్నట్టేనా?" ఏజెంట్‌కి ఫోన్ చేసి అడిగాను. క్లెయిమ్‌లో "కనీసం రెండు" అని రాశాం కాబట్టి మూడైనా నాలుగైనా అందులోకే వస్తాయట.