ఆమె పేరు ఫ్లోరెన్స్

కాలిఫోర్నియాలో హ్యూసన్ అనే ఊళ్లో ఫ్లోరెన్స్ సమాధి ఉంది. అక్కడికి వెళ్లి రావాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం కుదిరింది. ఫ్రీమాంట్ నుంచి గంటన్నర దారి. ఆల్టమాంట్ కొండల మీది గాలిమరలు దాటి లోయలోకి దిగాక ఎటు చూసినా బాదం తోటలే, తెల్లగా పూత మీద ఉన్నాయి.

మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ప్రింట్ తీసిన ఫొటోతో మొదలైంది ఇదంతా. చెంప దగ్గర చెయ్యి ఆనించి ఎటో చూస్తున్న తల్లి, ఆమె భుజాల వెనక మొహాలు దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్లో పసిబిడ్డ. కింద 'వలస తల్లి' అని ఉంది. పేరు లేదు.

1936 మార్చిలో నిపోమో దగ్గర, బఠాణీ కోసే కూలీల మకాంలో తీసిన ఫొటో అది. తీసిన డొరొథియా లాంగ్ అప్పుడు ప్రభుత్వ ఉద్యోగి. వానలో ఇంటికి పోతూ మకాం బోర్డు చూసి కూడా ఆగలేదు. ఇరవై మైళ్లు వెళ్లాక మనసు ఒప్పక వెనక్కి తిప్పింది. కొన్ని ఫొటోలు తీసింది గానీ ఆ తల్లి పేరు అడగలేదు. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని రాసుకుంది. ఆ తల్లి ఇంట్లోవాళ్లు చెప్పింది వేరు. వాట్సన్‌విల్ పోతుంటే కారు టైమింగ్ చైన్ తెగి అక్కడ ఆగారు, టైర్లేమీ అమ్మలేదు.

ఫొటో పేపర్లో పడ్డాక ఆ మకాంకి ఇరవై వేల పౌన్ల తిండి సామాను పంపింది ప్రభుత్వం. అప్పటికే వీళ్లు అక్కడ లేరు! నాకు గొంతు పట్టేసింది ఇక్కడే. ఆ మొహం చూసి వచ్చిన తిండిలో ఆమె పిల్లలకి ఒక్క ముద్ద కూడా అందలేదు.

ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. అప్పటికి 32 ఏళ్లు, ఏడుగురు పిల్లలు. ఓక్లహోమాలో పుట్టిన చెరోకీ మనిషి. దేశమంతా ఆమెని తెల్లజాతి రైతు భార్య అనుకుంది. 1978లో మొడెస్టోలో ఉంటున్న ఆమెని ఒక పత్రికా విలేకరి వెతికి పట్టుకున్నాక ఆమె ఎవరో బయటపడింది. ఆ ఫొటో తియ్యకుండా ఉంటే బాగుండేదని, దానివల్ల పైసా రాలేదని చెప్పింది. లాంగ్‌కీ ఆ ఫొటో మీద హక్కులేం లేవు, అది ప్రభుత్వానిది. అయినా పేరు అడగడానికి ఎంతసేపు పడుతుంది?

1983లో ఆమె మంచాన పడితే వైద్యం ఖర్చుకి పిల్లలు జనాన్ని సాయం అడిగారు. 35 వేల డాలర్లకి పైగా వచ్చాయి. ఆ సెప్టెంబర్‌లోనే పోయింది.

హ్యూసన్‌లోని లేక్‌వుడ్ శ్మశానంలో ఆమె సమాధి కోసం వరుసలు వెతుక్కుంటూ ఇరవై నిమిషాలు తిరిగాం. నేలకి అతుక్కున్న పలక. ముందు ఆమె పేరు, ఆ తర్వాతే 'వలస తల్లి'. మా అమ్మాయి వంగి, అక్షరాల్లో ఇరుక్కున్న ఎండుగడ్డి పోచల్ని గోటితో ఒక్కొక్కటిగా తీసింది. పేరు మొత్తం కనిపించేదాకా తీస్తూనే ఉంది.