ట్విన్ లా: హెదర్ పూసిన కొండ మీద నడక

స్కాట్లండ్ అనగానే యాత్రికులు ఉత్తరాన హైలాండ్స్‌కే తరలిపోతారు గనుక, ఎడిన్‌బరోకు ఆగ్నేయంగా ఉన్న లామర్‌మ్యూర్ కొండలలో ఆగస్టు చివరి వారంలో సైతం నాకు ఒక్కరూ ఎదురుపడలేదు. లాంగ్‌ఫర్మేకస్ అనే చిన్న ఊరు దాటి, వాచ్ వాటర్ రిజర్వాయర్ మీదుగా సాగే సదరన్ అప్‌ల్యాండ్ వే బాట పట్టి, 447 మీటర్ల ట్విన్ లా శిఖరానికి బయలుదేరాను. ఎక్కడంలో కష్టమేమీ లేదు, శ్రమంతా ఎదురుగాలితోనే.

హెదర్ సాధారణంగా మోకాలెత్తు దాటని పొద. దగ్గరగా చూస్తే గట్టి పుల్లలు, సన్నని ఆకులు, గింజంతేసి ఊదా పూలు. దూరం నుంచి చూస్తే కొండ కొండంతా ఊదా. అయితే ఆ రంగు మధ్యలో కాలిన నల్లని చారలు, వాటి పక్కనే లేత చిగుళ్లు కనిపిస్తాయి. గ్రౌస్ అనే పక్షి లేత చిగుళ్లు తిని, ముదురు పొదల చాటున గూడు పెడుతుంది. రెండూ పక్కపక్కనే దొరికేలా ఎస్టేటువారు పొదలను ముక్కలు ముక్కలుగా, వంతులవారీగా తగులబెడతారు. ఈ దహనానికి లైసెన్సు తప్పనిసరి చేసే చట్టాన్ని స్కాట్లండ్ పార్లమెంటు 2024లో ఆమోదించింది. మంటలూ గొర్రెల మేతా ఆగిపోతే ఇక్కడ చాలాచోట్ల మళ్లీ చెట్లు మొలుస్తాయి. అంటే, చూసేవారు సహజమని మురిసే ఈ శోభ చాలావరకు ఆగస్టు 12న మొదలయ్యే గ్రౌస్ వేట కోసం కాపాడుకుంటూ వస్తున్నదే. అది తెలిసినందువల్ల అందం తగ్గలేదు గాని, ఈ నిర్జనత్వం కూడా ఒక ఏర్పాటేనన్న ఆలోచన నడిచినంతసేపూ వదలలేదు.

శిఖరం మీద మనిషిని మించిన ఎత్తున రెండు రాళ్లగోపురాలు ఉన్నాయి. వేర్వేరుగా పెరిగి, ఒకరినొకరు ఎరుగక, శత్రుసేనల తరఫున ద్వంద్వయుద్ధం చేసి మరణించిన కవల సోదరుల గుర్తుగా సైనికులు వీటిని పేర్చారని స్థానిక గాథ. కర్ణార్జునుల కథ వింటూ పెరిగినవారికి ఇది కొత్తగా తోచదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ శిక్షణ పొందిన పోలండ్ ట్యాంకు దళాలు వీటిని గురిపెట్టి కూల్చగా, తరువాత మళ్లీ కట్టారు. దక్షిణాన చెవియట్ కొండలు, నైరుతిన ఎయిల్డన్ మూడు శిఖరాలు స్పష్టంగా కనిపించాయి.

ఈ నేల ప్రైవేటు ఎస్టేటులదే అయినా, 2003 నాటి భూసంస్కరణల చట్టం బాధ్యతగా నడిచేవారందరికీ ప్రవేశహక్కు ఇచ్చింది. వేట జరిగే రోజున మాత్రం కాపలాదారు చూపిన దారినే వెళ్లడం మర్యాద, క్షేమం కూడా.